సంఘంలో అందరూ బాధ్యులే, బోర్డులో ఎవరూ కారు

బ్యాంకు లింకేజి అప్పు ఇచ్చేముందు డ్వాక్రా సంఘంలోని ఆడవాళ్ళందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు. సభ్యులు తమలో తాము చేసుకున్న ఒప్పందం అని దానికి పేరు. భాష ఎంత చుట్టుతిప్పుగా ఉన్నా అందులో ఉన్న విషయం ఒక్కటే: పదిమందీ కలిసి బాధ్యులు, విడివిడిగా కూడా బాధ్యులు. ఒకామె కట్టకపోతే మిగతా తొమ్మిదిమంది కట్టాలి. ఆమె ఎందుకు కట్టలేకపోయిందన్న ప్రశ్న ఆ కాగితంలో లేదు. గేదె చచ్చిపోయిందా, మొగుడు డబ్బు ఎత్తుకుపోయాడా, బిడ్డ ఆస్పత్రిలో ఉందా అనేది బ్యాంకుకు అనవసరం.

అదే బ్యాంకులో, పై అంతస్తులో ఇంకో సంఘం ఉంటుంది. దాన్ని బోర్డు అంటారు. వాళ్ళూ పదీ పన్నెండుమందే. వాళ్ళూ కలిసి కూర్చుని తీర్మానాలు రాసుకుంటారు, సంతకాలు పెడతారు. కాని ఆ తీర్మానం వల్ల వందల కోట్లు మునిగితే, అది సమిష్టి నిర్ణయం కాబట్టి ఏ ఒక్కరినీ తప్పు పట్టడానికి వీల్లేదంటారు. పల్లెలో సమిష్టి అంటే ప్రతి ఒక్కరూ బాధ్యులని అర్థం. బోర్డు గదిలో సమిష్టి అంటే ఎవరూ బాధ్యులు కారని అర్థం. ఒకే మాటకు ఒకే కట్టడంలో రెండు అర్థాలు ఎలా వచ్చాయన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలుచుకున్న విషయం.

సంఘాలను బ్యాంకులతో కలిపే పద్ధతిని నాబార్డు 1992లో ప్రయోగంగా మొదలుపెట్టింది. అదే సమయంలో నెల్లూరు జిల్లాలో సారాకు వ్యతిరేకంగా నిలబడిన ఆడవాళ్ళే తర్వాత పొదుపు సంఘాలు కట్టుకున్నారు. ఆ పొదుపులో ఆత్మగౌరవం ఉంది, నేను కాదనను. కాని ఉమ్మడి బాధ్యత అనేది ఆచరణలో ఎలా పనిచేస్తుందో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వాయిదా రోజు ఒకామె రాకపోతే లీడరూ రెండో లీడరూ ఆమె గుమ్మం ముందు కూర్చుంటారు. ఆమె కట్టేదాకా మిగతావాళ్ళ పొదుపు కదలదు, కొత్త అప్పు రాదు. వసూలు చేసే పని బ్యాంకు సిబ్బందిది కాకుండా ఇరుగుపొరుగు ఆడవాళ్ళదైపోయింది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఈ పద్ధతినే తీసుకుని ఇంకా పదును పెట్టాయి. ఊళ్ళలో ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ ఆడవాళ్ళలో ఎవరూ మోసం చేశారని ఎవరూ అనలేదు. కట్టలేకపోయారు, అంతే. కట్టలేకపోవడానికే అంత శిక్ష.

ఇప్పుడు పైకి వెళదాం. బ్యాంకు నష్టాల్లో పెద్దవాటిని రెండు రకాలుగా విడదీయాలి. ఒకటి మోసం: డబ్బు కాజేయడం, దొంగ లెక్కలు రాయడం, లంచం పుచ్చుకుని అప్పివ్వడం. రెండోది నిర్లక్ష్యం: చూడాల్సింది చూడకపోవడం, అడగాల్సింది అడగకపోవడం, హెచ్చరికలు చేసిన ఆడిటరు మాట పెడచెవిన పెట్టడం, ఉన్న డబ్బంతా ఒకే పారిశ్రామికవేత్త చేతిలో పోయడం. మొదటిదానికి మన చట్టాల్లో కేసులున్నాయి, అరెస్టులున్నాయి, పత్రికల్లో బొమ్మలున్నాయి. ఇది ఇవాళ్టిది కాదు. మదరాసులో అర్బత్‌నాట్ కంపెనీ 1906లో మునిగినప్పుడు ఉమ్మడి రాష్ట్రపు డిపాజిటర్లు ఎందరో రోడ్డున పడ్డారు. దాని అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠినశిక్ష పడింది. తెల్లదొరను జైలుకు పంపిన సందర్భం కాబట్టి అది చరిత్రకెక్కింది. కాని శిక్ష మోసానికి పడింది. నిర్లక్ష్యానికి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక మర్యాదైన పేరుంది: వ్యాపార నిర్ణయం. వ్యాపారమన్నాక లాభం రావచ్చు, నష్టం రావచ్చు, మంచి మనసుతో చేసినదాన్ని కోర్టులు తవ్వకూడదు అంటారు.

నేను చదువుకున్నది సమాజశాస్త్రం గాని న్యాయశాస్త్రం కాదు. అయితే చట్టంలోని ఒక మాట ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అని చూడడం మా శాస్త్రం పనే. ఆ మాట 'కావాలని'. ఈ ఒక్క మాట చుట్టూ ఎంత పెద్ద కోట కట్టారో చూడండి.

జాతీయం చేసిన బ్యాంకుల సంగతి తీసుకుంటే, 1970 నాటి జాతీయకరణ చట్టంలోనే డైరెక్టర్లకు రక్షణ రాసి ఉంది. హామీగా పెట్టిన ఆస్తి విలువ చాలకపోయినా, ఖాతాదారు తప్పు చేసినా, విధి నిర్వహణలో మరేం జరిగినా, అది తాము కావాలని చేసింది కాకపోతే వాళ్ళు నష్టానికి బాధ్యులు కారు. సహకార బ్యాంకుల విషయంలో 1964 సహకార సంఘాల చట్టంలో 60వ సెక్షన్ ఉంది. సహకార శాఖలో దీన్ని సర్‌చార్జి అంటారు. సొమ్ము కాజేసినవాడి దగ్గర, నమ్మకద్రోహం చేసినవాడి దగ్గర, నిర్లక్ష్యంతో సంఘం ఆస్తికి లోటు తెచ్చినవాడి దగ్గర రిజిస్ట్రారు విచారణ జరిపి వడ్డీతో సహా రాబట్టవచ్చు. వినడానికి బాగుంది. కాని అక్కడా నిర్లక్ష్యం ముందు ఆ మాట ఉంది: కావాలని చేసిన నిర్లక్ష్యం. నిర్లక్ష్యమంటేనే కావాలని చేయనిది కదా! కావాలని చేసిన నిర్లక్ష్యాన్ని నిరూపించమనడం నిద్రపోయినవాడు మెలకువతోనే నిద్రపోయాడని రుజువు చేయమన్నట్టుంది.

కంపెనీలుగా ఉన్న బ్యాంకుల్లో పరిస్థితి కాగితం మీద కొంత నయం. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ డైరెక్టరు తగిన జాగ్రత్త, నైపుణ్యం, శ్రద్ధ చూపాలంటుంది. చూపకపోతే జరిమానా లక్ష రూపాయల నుంచి 5 లక్షల దాకా. ఈ 5 లక్షల అంకె గుర్తుపెట్టుకోండి. బ్యాంకు మునిగితే డిపాజిటరుకు బీమా కింద గరిష్ఠంగా దక్కేది కూడా 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలే. ముంచినవాడి శ్రద్ధలోపం ఖరీదూ, మునిగినామె జీవితకాలపు పొదుపు ఖరీదూ చట్టం దృష్టిలో సమానం. ఇది కాకతాళీయమే అనుకోండి. కాకతాళీయాలు కూడా కొన్నిసార్లు నిజం చెబుతాయి.

హైదరాబాదు నగరానికి ఈ చరిత్ర బాగా తెలుసు. 2001లో క్రుషి బ్యాంకు మూతపడింది. ఆ తర్వాతి కొన్నేళ్ళలో చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి సహకార బ్యాంకులు ఒకదాని వెనక ఒకటి కూలాయి. నేనప్పుడు ఎం.ఏ. విద్యార్థిని. అలా మూతపడ్డ ఒక సహకార బ్యాంకు ముందు బారులు తీరిన వాళ్ళలో ఆడవాళ్ళ సంఖ్య చూసి ఆశ్చర్యపడి కొందరితో మాట్లాడాను. ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదని తర్వాత అర్థమైంది. భర్త పోయాక వచ్చిన గ్రాట్యుటీ, అమ్మిన పుట్టింటి పొలం తాలూకు వాటా, కూతురి పెళ్ళికని కూడబెట్టింది, పదవీ విరమణ చేసిన టీచరమ్మ భవిష్యనిధి - ఇలాంటి డబ్బు షేర్ మార్కెట్‌కు వెళ్ళదు. ఇంటికి దగ్గర్లో ఉన్న, తెలిసినవాళ్ళు పనిచేసే, ఒక శాతం వడ్డీ ఎక్కువిచ్చే చిన్న బ్యాంకుకు వెళుతుంది. మగవాడి సంపాదన వచ్చే నెల మళ్ళీ వస్తుంది. ఈ డబ్బు మళ్ళీ రాదు.

ఒక పెద్దావిడ నాతో అన్నమాట ఇప్పటికీ మరిచిపోలేదు. "పైసలు పోయినయని కాదు బిడ్డా, నీకు తెలివి లేదు, చూసుకోకుండ పెట్టినవని మా అల్లుడు అంటుండు. నేనేం చూడాలె? నాకు బుక్కు ఇచ్చిండ్రు, ముద్ర కొట్టిండ్రు" అంది. బ్యాంకు లెక్కలు చూడాల్సిన డైరెక్టర్లు చూడకపోతే అది వ్యాపార నిర్ణయం. లెక్కలు చూసే వీలే లేని విధవరాలు చూడకపోతే అది నిర్లక్ష్యం, అత్యాశ. ఇల్లూ వాకిలీ, పిల్లల జ్వరాలూ, అన్నం మాడడమూ ప్రతిదాంట్లోనూ మన మీదికి సులువుగా విసిరే మాట ఈ నిర్లక్ష్యం. పెద్దకుర్చీలో కూర్చున్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి దానికి అన్ని విశేషణాలూ, అన్ని రుజువులూ కావాల్సి వస్తాయి.

ఇదే నగరంలో 1994లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కథ ఇంకో పాఠం నేర్పుతుంది. సరళీకరణ తర్వాత వచ్చిన కొత్త ప్రైవేటు బ్యాంకుల్లో అదొక మెరుపు. షేర్ మార్కెట్‌తో సంబంధమున్న అప్పులు 2001 కుంభకోణంలో బయటపడ్డాయి. 2004 జులై 24న దాని మీద మారటోరియం విధించారు. డిపాజిటర్లు 10,000 రూపాయలకు మించి తీసుకోవడానికి లేదన్నారు. మూడు వారాల్లో, ఆగస్టు 14న, దాన్ని ప్రభుత్వ రంగంలోని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల సొమ్ము భద్రంగా ఉంది. వాటాదారులకు ఏమీ దక్కలేదు. నష్టాన్ని ఒక ప్రభుత్వ బ్యాంకు, అంటే మనమందరం, నెత్తికెత్తుకున్నాం.

విలీనం తప్పని నేనడం లేదు. డిపాజిటర్లను కాపాడడానికి అంతకంటే వేగమైన మార్గం లేదు. కాని దానివల్ల ఇంకోటి జరిగింది. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో 45-జి, 45-హెచ్ అని రెండు సెక్షన్లున్నాయి. 1950ల మొదట్లో, బ్యాంకులు పుట్టగొడుగుల్లా పుట్టి చస్తున్న కాలంలో చేర్చినవి. మొదటిది మునిగిన బ్యాంకు డైరెక్టర్లనూ ఆడిటర్లనూ కోర్టులో బహిరంగంగా ప్రశ్నించే వీలు కల్పిస్తుంది. రెండోది ఇంకా గట్టిది. లిక్విడేటరు గాని, బ్యాంకు నుంచి డబ్బు రావాల్సినవాళ్ళు గాని - అంటే డిపాజిటరు కూడా - కోర్టుకు వెళ్ళి డైరెక్టరు మీద ప్రాథమికంగా ఆధారం చూపిస్తే చాలు, తాను బాధ్యుడిని కానని నిరూపించుకునే భారం డైరెక్టరు మీద పడుతుంది. నిరూపించుకోలేకపోతే డబ్బు తిరిగి కట్టాలి. ఇది చదివినప్పుడు నాకు కాస్త ఉత్సాహం కలిగింది. కాని రెండూ ప్రధానంగా లిక్విడేషన్‌లోకి వెళ్ళిన బ్యాంకును దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇప్పుడు పెద్ద బ్యాంకును లిక్విడేషన్‌కు పంపడమనేది దాదాపు లేదు. మారటోరియం, విలీనం, కొత్త బోర్డు - అంతే. ఆయుధాలు పెట్టిన గది తాళం ఎక్కువగా బ్యాంకు శవం దగ్గరే వెతుకుతారు, బ్యాంకునేమో చావనివ్వరు. సహకార బ్యాంకులు మాత్రం తరచుగా లిక్విడేషన్‌కు వెళతాయి గాని, వాటికి ఈ సెక్షన్లు వర్తించవు. వాటికి సర్‌చార్జే గతి.

గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మాజీ ఛైర్మన్ రమేశ్ గెల్లీ మీద సి.బి.ఐ. నడిపిన కేసులో సుప్రీంకోర్టు 2016 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమైన తీర్పునిచ్చింది. ఆయన నేరం చేశారా లేదా అన్నది ఆ తీర్పులో తేల్చలేదు, అది గుర్తుంచుకోవాలి. ప్రైవేటు బ్యాంకు ఛైర్మన్లూ, డైరెక్టర్లూ, అధికారులూ కూడా 1988 అవినీతి నిరోధక చట్టం కింద ప్రభుత్వోద్యోగులేనని తేల్చింది. బొంబాయి హైకోర్టు దాకా కాదన్నదాన్ని పైకోర్టు ఔనంది. ప్రజల డబ్బుతో పనిచేసేవాడు ప్రజలకు జవాబుదారీ అనే చిన్న విషయం మన చట్టంలోకి రావడానికి అంతకాలం పట్టింది. రెండేళ్ళకే, 2018లో, ఆ చట్టాన్ని సవరించారు. ప్రజాప్రయోజనం లేకుండా ఇంకొకరికి లాభం చేకూర్చడం కూడా నేరమేనన్న భాగం అందులోంచి తొలగిపోయింది. అధికార నిర్ణయాల మీద దర్యాప్తుకు ముందస్తు అనుమతి అవసరమైంది. ఇలా ఒక తలుపు తెరిచి, ఇంకో తలుపు మూశారు.

ఇక్కడ ఇంకో సంతకం గురించి చెప్పాలి. అది భార్య సంతకం. భర్త వ్యాపారానికి అప్పు తీసుకుంటాడు, ఇల్లు భార్య పేరున ఉంటుంది, లేదా ఊరికే ఒక పేరు కావాలి. ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూపించిన చోటల్లా సంతకం పెడుతుంది. దాన్ని గ్యారంటీ అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. పైసా తక్కువ కాదు. ఆమెకు తెలిసి పెట్టిందా, తెలియక పెట్టిందా, ఆ డబ్బులో ఆమెకు రూపాయైనా ముట్టిందా - ఈ ప్రశ్నలు బలవంతమో మోసమో రుజువు చేస్తే తప్ప లెక్కలోకి రావు. 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, బ్యాంకు ఆమె తాకట్టు పెట్టిన ఇంటిని కోర్టుకు వెళ్ళకుండానే స్వాధీనం చేసుకోవచ్చు. ఆ అప్పుకు అర్హత లేని మనిషికి అప్పిచ్చినవాళ్ళ సంగతో? హామీ విలువ సరిగ్గా చూడకుండా మంజూరు చేసిన కమిటీ సంగతో? కావాలని చేశారా అని ముందు తేలాలి.

డైరెక్టరు నిర్లక్ష్యం గురించి న్యాయ కళాశాలల్లో చెప్పే రెండు పాత కేసులు పక్కపక్కన పెట్టి చూడమని నేను నా విద్యార్థులకు చెబుతుంటాను. ఒకటి ఇంగ్లండుది, 1892 నాటిది. కార్డిఫ్ సేవింగ్స్ బ్యాంకుకు బ్యూట్ మార్క్విస్ అనే పెద్ద జమీందారు అధ్యక్షుడు. ఆ పదవి ఆయనకు తండ్రి నుంచి వారసత్వంగా ఆరు నెలల వయసులో వచ్చింది. తర్వాత దాదాపు నలభై ఏళ్ళలో ఆయన హాజరైంది ఒకే ఒక్క బోర్డు సమావేశానికి. బ్యాంకులో అక్రమాలు జరిగి డిపాజిటర్లు నష్టపోయారు. ఆయన్ని బాధ్యుణ్ణి చేయమని అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. సమావేశాలకు వెళ్ళనివాడికి అక్కడ ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? తెలియనివాడిని ఎలా తప్పు పడతాం? ఆ తీర్పు నుంచి జమీందార్లు నేర్చుకోవాల్సిన పాఠం స్పష్టంగానే ఉంది: వెళ్ళకపోవడమే క్షేమం.

రెండోది అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు 1981లో ఇచ్చిన తీర్పు. లిలియన్ ప్రిచర్డ్ అనే ఆవిడ భర్త రీ-ఇన్సూరెన్సు దళారీ కంపెనీ నడిపేవాడు. ఆవిడ పేరుకు డైరెక్టరు. 1973 చివర్లో భర్త చనిపోయాడు. ఇద్దరు కొడుకులు కంపెనీ చేతిలోకి తీసుకుని, ఖాతాదారుల సొమ్మును అప్పుల పేరుతో తమ జేబుల్లో వేసుకుంటూ పోయారు. ఆవిడ దుఃఖంలో మంచానపడింది, తాగుడుకు అలవాటుపడింది. ఆఫీసుకు వెళ్ళింది జన్మలో ఒకేసారి. లెక్కల కాగితం ఒక్కటి చూసి ఉంటే బయటపడేది, చూడలేదు. 1975లో కంపెనీ దివాలా తీసింది, 1978లో ఆవిడ చనిపోయింది. చనిపోయాక కోర్టు ఆవిడ నిర్లక్ష్యానికి ఆవిడ ఆస్తి నుంచి కోటి డాలర్లకు పైగా కట్టాలంది. ఆ కంపెనీ బ్యాంకు కాదు గాని, పరుల సొమ్ము నమ్మకంగా పెట్టుకునేది కాబట్టి బ్యాంకులాంటిదేనని కోర్టు భావించింది.

ఈ కేసులో ఒక విశేషముంది. ఆవిడ అమాయకపు గృహిణి, భర్త కోసం, కొడుకుల కోసం పేరు పెట్టనిచ్చింది, వదిలేయండి అని వాదించారు. కింది కోర్టు న్యాయమూర్తి ఆ వాదనలోనే స్త్రీలపట్ల చిన్నచూపు ఉందని తోసిపుచ్చాడు. నేను ఆయనతో ఏకీభవిస్తాను. ఆడది కాబట్టి బాధ్యత ఉండదనడం, ఆడది కాబట్టి హక్కు ఉండదనడం ఒకే నాణేనికి రెండు వైపులు. మన కుటుంబ కంపెనీల్లో పేరుకు డైరెక్టర్లుగా ఉన్న అక్కచెల్లెళ్ళు కూడా ఈ కేసు తెలుసుకోవాలి. అయితే నా ప్రశ్న అది కాదు. డైరెక్టరు ఏమీ చేయకపోవడం వల్ల కూడా నష్టానికి సొంత ఆస్తితో బాధ్యత వహించాలన్న సూత్రాన్ని ఇప్పటికీ పాఠ్యపుస్తకాలు ఎవరి పేరుతో చెబుతున్నాయి? ఆఫీసుకు ఒకేసారి వెళ్ళిన ముసలి విధవరాలి పేరుతో. బోర్డు సమావేశానికి ఒకేసారి వెళ్ళిన జమీందారు పేరుతో చెప్పేది మాత్రం క్షమాపణ సూత్రం. రెండు దేశాలు, రెండు కాలాలు, చట్టం మధ్యలో చాలా మారింది, ఒప్పుకుంటాను. కాని ప్రిచర్డ్ తీర్పుకున్న కాఠిన్యం తర్వాత వచ్చిన పెద్ద పెద్ద బ్యాంకుల పతనాల్లో ఎవరి మీదా కనబడదు.

బ్రిటన్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌ను నిలబెట్టడానికి 2008 తర్వాత ప్రభుత్వం 4,550 కోట్ల పౌండ్లు పోసింది. 2011 చివర్లో నియంత్రణ సంస్థ ఒక పెద్ద నివేదిక ఇచ్చి, నిర్ణయాలు చెడ్డవే గాని వాటికి అధిపతిని శిక్షించే దారి చట్టంలో లేదని తేల్చింది. 2012లో ఆయన 'సర్' బిరుదు వెనక్కి తీసుకున్నారు. జనం కోపానికి జవాబుగా 2013 చట్టంలో ఒక కొత్త నేరం చేర్చారు. తన హోదాలో ఉన్నవాడి నుంచి ఆశించేదానికి ఎంతో దిగువగా ప్రవర్తించి, ఆ నిర్ణయం వల్ల బ్యాంకు కూలితే ఏడేళ్ళ దాకా జైలు. 2016 నుంచి అమల్లో ఉంది. అయితే ఆ నిర్ణయం బ్యాంకును కూల్చవచ్చునన్న ప్రమాదం ఆ మనిషికి తెలిసి ఉండాలని కూడా అందులో రాశారు. బ్యూట్ మార్క్విస్ దొర ఇందులోంచి కూడా తప్పించుకునేవాడే.

ఇక్కడ నా మీదికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. బ్యాంకు యూనియన్లలో పనిచేసే స్నేహితురాళ్ళు ఉన్నారు. "బాధ్యత బాధ్యత అని నువ్వు అరుస్తావు గాని, అది పైకి పోదు, కిందికే వస్తుంది" అంటుందొకామె. నిజం. మొండిబాకీ తేలగానే మెమో అందుకునేది బ్రాంచి మేనేజరు, ఫీల్డ్ ఆఫీసరు. ఇప్పుడా కుర్చీల్లో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. పైనుంచి టార్గెట్టు ఫోనులో వస్తుంది, కాగితం మీద ఉండదు. కాగితం మీద ఉండేది కింది సంతకమే. పదవీ విరమణకు వారం ముందు ఛార్జిషీటు అందుకుని, రావాల్సిన డబ్బు ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. ఈ భయంవల్ల అప్పులివ్వడమే మానేస్తున్నారని చెప్పి, 50 కోట్ల దాకా ఉన్న మొండిబాకీల్లో సిబ్బంది బాధ్యత తేల్చడానికి ఆర్థికశాఖ 2021లో ప్రభుత్వ బ్యాంకులన్నిటికీ ఒకే తరహా నియమాలు తెచ్చింది. మంచిదే. కాని నష్టం పరిమాణం పెరిగేకొద్దీ, నిర్ణయం పైకి వెళ్ళేకొద్దీ, సంతకాలు ఎక్కువయ్యేకొద్దీ బాధ్యత పలచబడిపోవడం అనే అసలు రోగానికి అది మందు కాదు.

ఇంకొందరు ఆడవాళ్ళను పైకుర్చీల్లో కూర్చోబెడితే అన్నీ సర్దుకుంటాయంటారు. ఐస్‌లండ్‌లో 2008లో మూడు పెద్ద బ్యాంకులూ కూలాక ప్రభుత్వం కొత్తగా నిలబెట్టిన బ్యాంకుల్లో రెండింటికి మహిళలను అధిపతులుగా పెట్టారు. ప్రపంచ పత్రికలు పండగ చేసుకున్నాయి. ఎవరో తిని పారేసిన ఎంగిలి విస్తళ్ళు ఎత్తడానికి ఆడవాళ్ళను పిలవడంలో నాకు కొత్తదనం కనిపించలేదు. ఐస్‌లండ్ గురించి చెప్పుకోదగ్గది వేరే ఉంది. అక్కడ ప్రత్యేక ప్రాసిక్యూటరును పెట్టి, పెద్ద బ్యాంకుల అధిపతులను నిజంగా జైలుకు పంపారు. అధికారంలో ఉన్న స్త్రీ కూడా తప్పు చేయవచ్చు, నిర్లక్ష్యం చేయవచ్చు. ఆమెకు వేరే కొలత అడగడం మన పని కాదు.

జైళ్ళు నింపాలన్నది నా కోరిక కూడా కాదు. నిర్లక్ష్యానికి జైలు అంటే మళ్ళీ రుజువుల గడప ఎత్తు పెంచుకోవాల్సి వస్తుంది, మళ్ళీ 'కావాలని' అనే మాట దగ్గర ఆగిపోతాం. నేనడిగేది డబ్బు. బ్యాంకు బాగున్నప్పుడు బోనస్ పుచ్చుకున్నవాళ్ళు, మునిగినప్పుడు దాన్ని తిరిగివ్వాలి. ఇది విడ్డూరం కాదు. ప్రైవేటు, విదేశీ బ్యాంకుల పై అధికారుల జీతభత్యాల మీద 2019 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఇచ్చిన బోనస్‌ను వెనక్కి తీసుకునే నిబంధన ఇప్పటికే ఉంది. దాన్ని అమలుచేసే అధికారం బోర్డు చేతిలోనే పెట్టారు. అంటే సంఘంలో వాయిదా కట్టనామె ఇంటి ముందు కూర్చునే పని ఆమెకే అప్పజెప్పినట్టు.

డిపాజిటర్ల వైపు కొంత కదలిక వచ్చిన మాట వాస్తవం. కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు 1960లో కూలాక 1961లో డిపాజిట్ బీమా చట్టం వచ్చింది. 1962లో హామీ 1,500 రూపాయలు. 1993లో లక్షకు పెరిగి 27 ఏళ్ళు అక్కడే ఆగింది. 2019 సెప్టెంబరులో పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి, మొదట ఖాతాకు 1,000 రూపాయలే ఇస్తామన్నారు. ముంబై వీధుల్లో ఆడవాళ్ళు కూర్చుని ఏడ్చిన దృశ్యాలు దేశమంతా చూశాక గాని 2020లో 5 లక్షలు చేయలేదు. ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము చెల్లించాలని 2021లో సవరించారు. 2025 ఫిబ్రవరిలో ముంబైలో ఇంకో సహకార బ్యాంకు ముందు మళ్ళీ బారులు. ప్రతిసారీ బారు కనబడితే డిపాజిటరుకు ఓ మెట్టు దక్కుతోంది. డైరెక్టరు బాధ్యత మాత్రం మెట్టు కూడా కదలడం లేదు. పైగా డైరెక్టర్ల మీద దావాలు పడితే ఖర్చులు భరించడానికి వేరే బీమా ఉంటుంది. దాని ప్రీమియం కట్టేది కూడా బ్యాంకే, అంటే మన డబ్బే. ఆ బీమాకు 5 లక్షల పరిమితి లేదు.

కాబట్టి మహిళా సంఘాలు ఈ విషయాన్ని ఆర్థికవేత్తల కోసం వదిలేయకుండా కొన్ని డిమాండ్లు పెట్టాలని నా అభిప్రాయం. 45-హెచ్‌లో ఉన్న భారం తారుమారు చేసే సూత్రాన్ని మారటోరియం పెట్టినా, విలీనం చేసినా గట్టిగా అమలుచేయాలి. సహకార బ్యాంకులకూ వర్తింపజేయాలి. సర్‌చార్జి సెక్షన్‌లో నిర్లక్ష్యం ముందున్న 'కావాలని' అన్న మాట తీసేయాలి. ఒక పరిమితి దాటిన ప్రతి అప్పు మంజూరులోనూ ఎవరు ఔనన్నారు, ఎవరు కాదన్నారు, ఎవరు రాలేదు అనేది పేరుపేరునా మినిట్సులో రాయాలి. రానివాళ్ళను ఔనన్నవాళ్ళ కింద లెక్కకట్టాలి. కింది ఉద్యోగికి మౌఖికంగా ఇచ్చే ఆదేశాన్ని ఆమె రాతలో నమోదు చేస్తే అది ఆమెకు రక్షణ కావాలి. బోనస్ వెనక్కి తీసుకునే అధికారం బోర్డు నుంచి తీసి రిజర్వు బ్యాంకుకు ఇవ్వాలి.

డ్వాక్రా సంఘం తీర్మానాల పుస్తకంలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరు హామీ - అన్నీ పేర్లతో, సంతకాలతో, వేలిముద్రలతో ఉంటాయి. బ్యాంకు మేనేజరు అప్పు మంజూరు చేసేముందు ఆ పుస్తకం తెప్పించుకుని, పేజీ పేజీ తిప్పి చూస్తాడు. ఒక సమావేశానికి ముగ్గురు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాడు.